పుట్టి రేవు రాయి

కంభం చెరువు ఎండిపోయిందని ఎవరో పెట్టిన ఫొటోలో, బురద మధ్య ఒక రాయి కనబడింది. "ఇదేం రాయి?" అని కింద పిల్లలు అడుగుతున్నారు. మన ఈడు వాళ్ళకు చెప్పాలా? అది పుట్టి రేవు రాయి. మద్రాసు సర్కారు రోజుల్లో మా నాయన జనాన్ని చెరువు దాటించే తన పుట్టిని, ఆ గుండ్రటి తోలు పడవను, ఆ రాయికే కట్టేవాడు. ఫొటో చూడగానే తడిసిన కిత్తనార తాడు వాసన ముక్కుకు తగిలింది.

తాడు ఒరుసుకున్న గాడి రాయికి మరీ అడుగున ఉంది, చూశారా? అవతలి గట్టు పొలాలకు పోయే రైతుల ఆడవాళ్ళు పుట్టి ఎక్కేముందు ఆ రాయికి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్ళు. మేము కిరస్తానీలం. అయినా నాయన నడుము వంచి, పసుపుకు తగలకుండా కిందుగా ముడి వేసేవాడు.

"పైన కడితే పసుపు చెరిగిపోతాది. అట్ల చేస్తే ఆ అమ్మలు నొచ్చుకుంటారు పాపా" అనేవాడు.

ఒక గాలివానలో పుట్టి ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నాయన దొరకనే లేదు.

సమాధుల పండగ వచ్చింది. మావాళ్ళంతా పూలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు పోతున్నారు. పోదామంటే మాకు సమాధి లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని రేవుకు నడిచింది.

రోజూ మా పుట్టి ఎక్కే రైతుల ఇంటి పెద్దమ్మ అప్పటికే అక్కడ ఉంది. చెంబుతో నీళ్ళు పోసి, రాయి మీది పసుపంతా తన చేత్తోనే కడిగేస్తోంది. అమ్మను చూసి పక్కకు జరిగింది.

"ఇన్నేండ్లు మా పసుపు చెరగనీకుండా కట్టినాడు. ఈ పొద్దుకు ఇది మీ రాయి మరియమ్మా. పూలు ఇక్కడ పెట్టు."