ఫ్రీ ప్లగిన్, నా కుళ్లు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకోకండి, ఏడెనిమిదేళ్ల కిందటి మాటే. మా అనంతపురం వైపు మనుషులకు అసూయ పుట్టించేది మొదట వాన. రోడ్డుకు అవతలి చేలో కురిసి ఇవతలి చేలో కురవకుండా పోయే వాన ఎంత మంచివాణ్ణయినా రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగేలా చేస్తుంది. మా ఇంట్లో పెద్దవాళ్లంతా అట్లాంటి అసూయలు పడి తేరుకున్నవాళ్లే. నా పేరిట చేను లేదు కాబట్టి, నాకది ఇరవై రెండేళ్ల వయసులో ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌ను చూసి పుట్టింది. ఎంత దూరం పోయిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, అప్పుడు నవ్వాల్సినవాళ్లు ఎట్లాగూ నవ్వేశారు.

మా మేనమామ పెళ్లిళ్లకూ సభలకూ ఎల్ఈడీ తెరలు అద్దెకిచ్చేవాడు. డిగ్రీ పూర్తి చేసి ఊరికే తిరుగుతున్న నన్ను తెర మీద బొమ్మలు ఆడించే పనిలో పెట్టాడు. పాట మోగుతుండగానే వీడియోలను అప్పటికప్పుడు కలిపి తెర మీదికి పంపే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. దాంతో నేను చేయగలిగిందల్లా గులాబీ రేకులు రాల్చడం. వధూవరులు వేదికెక్కినా గులాబీలే, తాతగారికి శాలువా కప్పినా గులాబీలే. (ఒకసారి సంతాపసభలో కూడా అవే రాల్చాను. పోయినాయన పూలంటే పడి చచ్చేవాడని వాళ్లే సర్దుకున్నారు.) జిల్లాలో నా అంతటివాడు లేడనే అనుకునేవాణ్ణి.

సోమందేపల్లెలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో ఆ భ్రమ వదిలింది. అబ్బాయి తరఫువాళ్లు మా తెర పెట్టించారు, అమ్మాయి తరఫువాళ్లు బత్తలపల్లె నుంచి ఇంకో తెర తెప్పించారు. వేదికకు ఒక పక్క మాది, ఇంకో పక్క వాళ్లది. వాళ్ల ల్యాప్‌టాప్ ముందు నాకన్నా ఏడాదో రెండేళ్లో చిన్నదైన అమ్మాయి కూర్చుని ఉంది. అందరూ ఆమెను బత్తలపల్లె పాప అంటున్నారు. డోలు మొదలయింది. ఆమె తెర మీద పట్టుచీర అంచులాంటి బుటాలు ప్రతి దెబ్బకూ విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి, రంగులు మార్చుకున్నాయి, డోలు ఆగితే ఊపిరి బిగబట్టినట్టు ఆగాయి. జనం తలలన్నీ అటు తిరిగాయి. చివరికి మాకు పని ఇచ్చిన పెళ్లికొడుకు కూడా అటే తిరిగాడు. నా గులాబీలు నా ఒక్కడి కోసమే రాలుతున్నాయి. మామ పక్కకొచ్చి, గొంతు పెంచకుండానే అన్నాడు:

"ఆ పాప తెర జూడు, ఎట్లా ఆడతాండాదో. మనది జూస్తే ఎవురన్నా చీపురు తెచ్చి ఊడుస్తే బాగుండు అనిపిస్తాండాది."

ఏదో యథాలాపంగా వచ్చినట్టు వెళ్లి, ఏం మిషన్ కొన్నావమ్మా అని అడిగాను. "మిషనేం లేదన్నా, ప్లగిన్. ఫ్రీదే. నెట్లో ఉండాది, డౌన్‌లోడ్ చేసుకో" అంది. ప్లగిన్ అంటే మన సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే అదనపు ముక్క. లేని విద్యను దానికి నేర్పుతుంది. పేరు కూడా చెప్పబోయింది, నేనే నిలబడలేదు. మనల్ని ఓడించినవాళ్లు ప్రేమగా 'అన్నా' అని పిలిస్తే మంట రెండింతలవుతుంది. పైగా అంత మంచి వస్తువును ఊరికే ఎవరిస్తారు? అసలుదాన్ని దాచిపెట్టి నన్ను దారి మళ్లిస్తోందని తేల్చుకున్నాను. తేల్చుకుని, ఆ రోజు నుంచే ఫ్రీ ప్లగిన్ల వేటలో పడ్డాను. (అసూయకు తర్కం అక్కర్లేదు, డేటా ప్యాక్ ఉంటే చాలు.)

దొరికినదల్లా దించాను. ఒకటి తగిలిస్తే తెరంతా పచ్చబడింది, ఇంకొకటి తగిలిస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడమే మానేసింది. ఒకదాంతో పాటు వైరస్ వచ్చి, మామ రాసుకున్న బుకింగ్‌ల జాబితాను మింగేసింది. ఏ ఫోల్డర్‌లో పెట్టాలో తెలియక అన్ని ఫోల్డర్లలోనూ పెట్టాను. ఇరవై రోజుల తర్వాత దొరికింది: అచ్చం ఆమె బుటాలే, అదే విచ్చుకోవడం, అదే ముడుచుకోవడం. దాంతో పాటు ఏదో చిన్న ఫైలు కూడా వచ్చింది. దొంగ సొత్తు చిక్కినవాడు రసీదు చదువుతాడా? నేనూ చదవలేదు.

మొదటి ప్రయోగం కణేకల్‌లో చేశాను. కాలువకు నీళ్లొచ్చినందుకు రైతులు అక్కడి నాయకుడొకాయనకు సన్మానం పెట్టుకున్నారు. ఆయనకు మన పని నచ్చితే ఏడాది పొడుగునా ఆయన సభలన్నీ మనవేనని మామ బండి ఎక్కిన దగ్గర నుంచీ చెబుతూనే ఉన్నాడు. అక్కడ పాటా లేదు, డోలూ లేదు. ఉన్నది మైకొకటే. సరే, మైకు వైరునే ల్యాప్‌టాప్‌కు తగిలించి, కెమెరా నుంచి తెర మీదికి వచ్చే నాయకుడి ముఖం మీద ప్లగిన్ పెట్టాను. చాలదేమోనని దాని మీద ఇంకో రెండు పెట్టాను.

నాయకుడు "రైతన్నలారా" అన్నాడు. వెనక తెర మీద ఆయన ముఖం రెండయింది. కాలువ గురించి ఎత్తుకోగానే నాలుగయింది. నీళ్లు తెచ్చింది నేనే అని ఒక్క కేక వేసేసరికి ఎనిమిది ముక్కలై, మీసాలన్నీ పువ్వు రేకుల్లా గుండ్రంగా తిరిగాయి. జనం ఈలలు వేశారు. తెర తన వెనక ఉంది కాబట్టి, ఈలలు తన మాటకేననుకుని ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. అరిచేకొద్దీ మీసాలు జోరందుకున్నాయి. మామ కింద నుంచి రెండు చేతులూ జోడించి దండం పెడుతున్నాడు. నేను నొక్కని మీట లేదు. మూడు ప్లగిన్ల బరువుకు ల్యాప్‌టాప్ నా మాట వినడం మానేసింది. చివరికి తెర వైరు పీకేశాను. నల్లబడిన తెరను చూసి నాయకుడు ఛాతీ విరిచి అన్నాడు:

"కరెంటు తీస్తారు గానీ, నా గొంతు యాడ తీస్తారప్పా?"

చప్పట్లు దద్దరిల్లాయి. ఆ చప్పట్లతోనే ఇంటికి పోయుంటే మేము బతికిపోయేవాళ్లం. కానీ ఎవరో ఫోన్లో తీసిన వీడియోను ఆయనకు చూపించారు. వచ్చే సభ బత్తలపల్లె వాళ్లకు పోయింది. మూడో రోజు మామ నా వైపు చూడకుండా చెప్పాడు: "ఆ పాప దగ్గరికి పోయి నేర్చుకోని రాపో. సిగ్గు ఈడనే పెట్టి పో."

బత్తలపల్లెలో వాళ్ల నాయన మగ్గం మీద నుంచి లేవకుండానే నన్ను కూర్చోమన్నాడు. పాప నా ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఫోల్డర్ చూసి, "ఇదే తెచ్చుకున్నావా? మరి ఇందులో ఫైలు చదవలేదా అన్నా?" అంది. తెరిచి నా వైపు తిప్పింది. పైన తెలుగులో ఇట్లా ఉంది: ఇది ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు, పాటకు మాత్రమే తగిలించండి, మనుషులు మాట్లాడే మైకుకు తగిలించవద్దు. అడుగున ఆమె పేరు, పేరు పక్కన బత్తలపల్లె.

"నువ్వు చేసిందా ఇది?"

"నాదే అన్నా. నాయన నేసే అంచు జూసి చేసినా."

"మరి ఊరికే ఎందుకిచ్చినావు?"

"నేను నేర్చుకున్నేవన్నీ ఎవురో ఊరికే ఇచ్చినేవే కదా."

ఇక్కడ నా మనసు కడిగిన అద్దంలా అయిపోయిందని రాయాలి. కాలేదు. అప్పటిదాకా ఆమె పనితనం మీదే కుళ్లు. ఇప్పుడు ఆమె మంచితనం మీద కూడా మొదలయింది. పనితనమైతే కష్టపడి తెచ్చుకోవచ్చు, ఆ రెండోదాన్ని ఎక్కడి నుంచి దించాలి? సాయంత్రం దాకా ఓపిగ్గా నేర్పింది. కోపంగా నేర్చుకున్నాను. రెండేళ్లకు నేనూ సొంతంగా ఒక ప్లగిన్ రాసి నెట్లో ఊరికే పెట్టాను. (ఊరికే పెట్టాననేది అందరికీ చెప్పుకున్నాను.) ముగ్గురు దించుకున్నారు. ఒకరు మామ, ఒకణ్ణి నేను. మూడోది ఆమె. అందులో తప్పులు దిద్ది తిరిగి పంపింది.

ఇప్పుడు తెరలు నావే, ఆడించేవాళ్లు వేరే. పోయిన నెల ఒక పెళ్లికి అతిథిగా వెళ్లాను. ఎవరిదో తెర బ్రహ్మాండంగా ఆడుతోంది, అట్లాంటిది నా దగ్గర లేదు. ఒకసారి తలెత్తి చూసి, మెచ్చుకుని, ఓళిగ మీద నెయ్యి వేయించుకుని ఇంకొకటి కూడా పెట్టించుకున్నాను. చేయి కడుక్కుంటుండగా గుర్తొచ్చింది, ఆ రోజుల్లో అయితే అట్లాంటి తెర ఎదురుగా కూర్చుని నాకు ముద్ద దిగేది కాదని. అంత హాయిగా తిన్నందుకు, ఎందుకో, కొంచెం దిగులేసింది.