అక్కకు చదివి వినిపించిన ఆట

కథ నడిపే వీడియో గేముల మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. తుపాకులు పేల్చే ఆటలు వేళ్ల దురద తీర్చుకోవడానికే. చిక్కుముడులు విప్పి తాళాలు తీయించే ఆటలు, తాము తెలివైనవాళ్లమని నలుగురికీ చెప్పుకునేవాళ్లకు. అసలైన ఆట కథ మధ్యలో ఆగి, ఇప్పుడేం చేస్తావని నిలదీస్తుంది. తప్పు చేసి, వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టేవాళ్లంటే నాకు పరమ అసహ్యం. చేసిందేదో చేశావు, అనుభవించు.

ఇలాంటి ఆటల్లో తెర అడుగున ఒక గీత ఉంటుంది. అది కరిగిపోయేలోగా జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఆ మౌనాన్నే జవాబుగా తీసుకుని కథ ముందుకు పోతుంది. ఇంతకన్నా నిజాయితీ గల ఏర్పాటు లేదని జనగామలో మా ఆఫీసు వాళ్లను టీ దగ్గర కూర్చోబెట్టి మరీ విసిగించేవాణ్ని.

నిరుడు వానాకాలం భూపాలపల్లిలో అక్క తడి నేల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. బావ బొగ్గుబాయిలో షిఫ్టుల మీద ఉంటాడు, కూతురు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు. కట్టు విప్పేదాకా మా ఇంట్లో ఉంచుకున్నాను. అక్క ఐదో తరగతితో ఆపేసింది. మా ఇంట్లో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా, దవాఖాన చీటీ అయినా బ్యాంకు ఉత్తరమైనా, నేను చదివి చెప్పాల్సిందే. నేను చెప్పిందే అందులో రాసి ఉన్నట్టు. ఇది నా చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతి, అందులో నాకు కొంత పొగరు కూడా ఉంది.

అలాగే ఇంగ్లీషులో ఉన్న ఆటనూ చదివి వినిపించాను. మంచు కొండల్లో ఒక పిల్ల జబ్బుపడ్డ తమ్ముణ్ని వెంటబెట్టుకుని నడిచే కథ అది. అక్క వారం తిరిగేసరికి సీరియళ్లు మానేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే, ఆ పిల్లవాడికి జ్వరం తగ్గిందా అని అడిగేది. చిన్న చిన్న చోట్ల మీట తనే నొక్కేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కథ వంతెన దగ్గరికి వచ్చింది. తమ్ముడు వెనక పడిపోయాడు, వంతెన విరుగుతోంది. తెర మీద రెండు మాటలు, కింద కరుగుతున్న గీత.

"ఎనుకకు పోవాలె తమ్మీ. తమ్ముణ్ణి ఇడిచిపెట్టి ఎట్ల పోతది? యాడ నొక్కాలె?"

పైది నొక్కమన్నాను. పైన రాసింది ముందుకు పో అని. అక్క నొక్కింది. ఆ పిల్ల వంతెన దాటింది, వెనక పిల్లవాడు మంచులో కూలబడ్డాడు.

అక్క బిత్తరపోయింది. పైది నొక్కమంటే కిందిది నొక్కావని చెప్పాను, అలవాటు లేని చెయ్యి కదా అని కూడా అన్నాను. మళ్లీ మొదటికి పోదామని బతిమాలింది. నా ఆటలో వెనక్కి పోవడం ఉండదన్నాను. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మీట నొక్కిన బొటనవేలు చూసుకుంటూ కూర్చునేది.

ఎందుకు చేశానంటే, తమ్ముడు బతికే కథ అంతకుముందే చూశాను, చప్పగా ఉంది. ఇది పైకి చెప్పుకునే కారణం. నిజానికి అక్క ఆరాటం చూసి నాకు ఒళ్లు మండింది. మూడేళ్ల కింద మహబూబాబాద్ దవాఖానలో బాపు పోయినప్పుడు, అక్క వచ్చేసరికి అంతా అయిపోయింది. చుట్టాలందరి ముందు, రావడానికి ఇప్పుడు తీరిందా నీకు అని అడిగాను. అప్పటి నుంచి అక్క నా ముందు గొంతు పెంచి మాట్లాడలేదు. కన్నతండ్రి ఆఖరి ఘడియకు అందని మనిషి బొమ్మ తమ్ముడి కోసం ఏడుస్తుందా అనుకున్నాను. ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలనిపించింది, చూశాను. బాగుందనిపించింది కూడా.

కట్టు విప్పాక అక్క భూపాలపల్లి వెళ్లిపోయింది. దసరా తర్వాత ఒకరోజు ఫోను చేసింది. హాస్టలు నుంచి ఇంటికొచ్చిన కూతురు తన కంప్యూటర్లో అదే ఆట పెట్టి ఇచ్చిందట. ఇద్దరూ కూర్చుని వంతెన దాకా ఆడారట.

"గా పిలగాడు బతికిండు తమ్మీ. నేను ఎనుకకు పోయిన," అంది. సంతోషంగానే ఉంది గొంతు. ఆ తర్వాత, "పైన రాసింది ముందుకు పో అనట. బిడ్డ సదివి చెప్పింది," అంది.

ఏదో తికమక పడి ఉంటానన్నాను. అక్క కోపం చేయలేదు.

"ఒక్కటి అడుగుత. బాపు దవాఖాన కాయితం గూడ నాకు గిట్లనే సదివినవా?"

ఆ కాగితంలో మూత్రపిండాలు రెండూ ఆగిపోయాయని ఉంది. అయినవాళ్లను వెంటనే పిలిపించుకోమని డాక్టరు నోటితో కూడా చెప్పాడు. ఆ రోజు బుధవారం. నేను ఫోనులో కాగితం చూస్తూనే, జర నీరసమంట అక్కా, తొందరేం లేదు, ఆదివారం రా అని చదివాను. ఆఖరు దాకా తండ్రి మంచం దగ్గర కొడుకు ఒక్కడే ఉన్నాడని ఊరంతా అనుకోవాలి, నాకు కావలసింది అదే. బాపు శుక్రవారం పోయాడు. అంతకుముందు రోజంతా బిడ్డ ఏదని అడుగుతూనే ఉన్నాడు.

అవతల అక్క చెవికి ఫోను ఆనించుకునే ఉంది, ఊపిరి వినిపిస్తోంది. లేదని ఒక్క మాట అంటే నమ్మేది.

"సరే తమ్మీ," అని అక్క ఫోను పెట్టేసింది.