దూరమవుతున్న చుక్క

మా వదిన అంబులెన్సుల కంట్రోల్ రూములో పనిచేసేది. ఆమె ముందు తెరమీద ఊరి మ్యాపు, దానిమీద కదిలే చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో బండి. పిలిచిన ఇంటికి ఆ బండి దగ్గరవుతోందా, దూరమవుతోందా, ఆగిందా, ఈ మూడు ముక్కలే పక్కన కనబడతాయి. ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పదు. చెప్పాక ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే తిట్లు తినేదెవరు?

ఆ మూడు ముక్కలూ ఇంటిదాకా వచ్చాయి. అన్నయ్య అలిగి పక్కగదిలో కూర్చుంటే, "చిట్టీ, మీ అన్నయ్య ఆగాడు. టీ పెడితే దగ్గరవుతాడులే" అనేది నాతో. అన్నయ్య వినీ విననట్టు గ్లాసు కోసం చెయ్యి చాపేవాడు.

పనిలో కొత్తగా చేరినవాళ్ళకి ఆమె మొదట నూరిపోసేది ఒకటే. మ్యాపు దూరాన్ని గీత గీసినట్టు కొలుస్తుంది, దానికి నది తెలీదు. అవతలి ఒడ్డు ఇళ్ళకి వెళ్ళాల్సిన బండి ముందు వంతెన కోసం ఎదురు దిక్కుకి పోవాలి. "దూరమవుతోందని కంగారుపడి డ్రైవర్‌ని వెనక్కి పిలవకండి. అది వస్తున్నట్టే లెక్క" అనేది. మా ఇల్లు ఆ అవతలి ఒడ్డునే.

ఆ మధ్యాహ్నం అన్నయ్య కంచం ముందే ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. నేను వదినకే ఫోన్ చేశాను.

"బండి పంపించాను. ఫోన్ పెట్టెయ్యకు" అంది.

స్పీకర్ పెట్టి, అన్నయ్య తల ఒళ్ళోకి తీసుకున్నాను. "ఒళ్ళంతా చెమటలు వదినా. ఎక్కడుంది బండి?"

"బయల్దేరింది. దూరమవుతోంది." నేను అన్నయ్య నుదురు తుడిచేలోగా, "ఇంకా దూరమవుతోందే" అంది. ఆమెకి అలాంటి గొంతు ఉందని నాకప్పటిదాకా తెలీదు.

తర్వాత అదే గొంతు డ్రైవర్‌తో మాట్లాడటం వినబడింది. "ఎటు పోతున్నావయ్యా? వెనక్కి తిప్పు." ఆయన వంతెన గురించి ఏదో చెప్పబోయాడు. "నా మాట విను. తిప్పమన్నానా!"

బండి తిరిగింది.

"దగ్గరవుతోంది చిట్టీ. మీ అన్నయ్యకి చెప్పు."

అన్నయ్య చెవిలో చెప్పాను. కళ్ళతోనే సరే అన్నాడు.

"వచ్చేసింది. తలుపు తియ్యి."

తీశాను. ఎదురుగా నది. ఎదుటి ఒడ్డున, రోడ్డు తెగిపోయినచోట, తెల్లబండి దీపం తిప్పుకుంటూ నిలబడి ఉంది. డ్రైవర్ దిగి మా ఇంటి వైపే చూస్తున్నాడు.

"ఆగింది" అంది వదిన ఫోన్‌లో. "ఎందుకాగింది చిట్టీ?"

మళ్ళీ వంతెన చుట్టుకుని బండి మా గుమ్మంలోకి వచ్చేసరికి అన్నయ్య లేడు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయిందని ఆమె ఆఫీసులో ఎవరో అన్నారట. ఆ నోరు పడిపోనూ అని తిట్టుకున్నాను. తిట్టుకుని ఏం లాభం, అన్నది అబద్ధం కాదుగా.

వదిన మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేదు. రోజంతా మా కిటికీ దగ్గరే కూర్చుంటుంది. నేను కూరగాయలకని చెప్పులు వేసుకుంటే చాలు, వచ్చి చెయ్యి పట్టుకుంటుంది.

"వెళ్తేనే కదా వదినా, తిరిగొచ్చేది" అన్నాను నిన్న.

"తెలుసు. ఆ ముక్క అందరికీ నేర్పింది నేనేగా" అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.