మంచు కింది మట్టి

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో పొద్దుటి నుంచి వాన పడుతోంది. జనవరి వాన చేతిమీద పడితే సూదిలా గుచ్చాలి. ఇవాళ్టిది గోరువెచ్చగా ఉంది. పక్కింటి ఆంటీ గొడుగు కింద నుంచే "ఇక కరువు పోయినట్టేగా?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను గాని మనసు నిలవలేదు. కింద ఇంత వెచ్చగా ఉంటే, సియెర్రా కొండల మీద మంచు కురవాల్సిన చోట కూడా వానే పడుతూ ఉంటుంది. మంచుగా నిలిచిన నీరు వేసవిలో మెల్లగా కరిగి రిజర్వాయర్లకు చేరుతుంది. వానగా పడ్డది ఇప్పుడే జారిపోతుంది. అందరూ సంతోషించే వానను చూసి ఇలా కంగారు పడటం నాకు సుభద్ర గారి దగ్గర అబ్బింది.

ఆమెది కదిరి వైపు. ముప్పై ఏళ్ళుగా కాలిఫోర్నియాలో ఉన్నా యాస చెక్కుచెదరలేదు. ఒక నీటి సంస్థలో పనిచేసేది. చలికాలంలో నెలనెలా కొండెక్కి మంచును తూచి, వేసవికి రిజర్వాయర్‌లోకి ఎంత నీరు వస్తుందో అంచనా కట్టడం ఆమె పని. ఆ అంచనాను చూసుకునే దిగువ లోయలో రైతులు ఎన్ని ఎకరాలు వెయ్యాలో తేల్చుకుంటారు. ఎం.ఎస్. అవగానే నేను ఆమెకు సహాయకురాలిగా చేరాను. ఆమె కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. లంచ్ కూడా నిలబడే తినేది, మధ్యలో రెండుసార్లు నీటిమట్టం గ్రాఫ్ తెరిచి చూసేది. "కూర్చోండి మేడమ్" అంటే, "కూర్చుంటే నీళ్ళొస్తాయా?" అనేది.

నేను చేరిన మొదటి చలికాలంలో చివరి సర్వే మార్చి నెలాఖరున. అల్యూమినియం గొట్టాన్ని మంచులోకి నేల తగిలేదాకా దించి, లోపల నిండిన మంచుతో సహా పైకి లాగి, త్రాసుకు తగిలించాం. బరువు బాగానే ఉంది, దాదాపు మామూలు ఏడాది అంత. నేను సంబరంగా అంకె రాసుకుంటున్నాను. ఆమె గొట్టం అడుగున ఇరుక్కున్న మట్టిని వేలితో తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఎట్ల ఉండాదో చెప్పు."

"పొడిగా ఉంది మేడమ్."

"పిండి మాదిరి రాల్తాంది. పైన మంచు కరిగితే మొదట తాగేది ఎవురు? కాలువా, ఈ నేలా?"

"ఫారంలో మట్టికి గడి లేదు మేడమ్."

"గడి లేకుంటే పక్కన రాయి."

రాస్తానన్నాను. రాయలేదు. ఆ వారమే ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. డైరెక్టర్‌కు ఒకే ఒక్క అంకె కావాలి. నా వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతోంది, వీసా స్పాన్సర్ చేయడం గురించి సంస్థ ఇంకా ఏమీ తేల్చలేదు. అనుమానాలు రాస్తే పని రాని దాన్ననుకుంటారని భయపడ్డాను. మంచి అంకెతోనే రిపోర్ట్ పంపాను. ఆస్పత్రి మంచం మీంచే ఆమె సంతకం చేసింది.

ఏప్రిల్ నడిచింది, మే వచ్చింది. కొండమీద మంచు కరిగిపోయింది, కాలువలు మాత్రం పొంగలేదు. లేస్తూనే పళ్ళైనా తోముకోకుండా గ్రాఫ్ తెరిచేదాన్ని. గీత నేలకు అతుక్కున్నట్టు పడుకునే ఉండేది. నేల తాగేసింది. రైతులకు నీటి కోటా సగానికి తగ్గించారు.

చేతికర్రతో ఆఫీసుకు తిరిగొచ్చిన రోజు ఆమె అడిగింది ఒక్కటే. "మట్టి సంగతి రాసినావా?"

"లేదు మేడమ్."

ఆమె మళ్ళీ కర్ర అందుకుంది. "నేనూ అడక్కుండానే సంతకం పెట్టినాను. పద, కారు తియ్యి. హెక్టర్ కాడికి పోదాం."

హెక్టర్ ప్రతి నెలా మా అంచనా కోసం ఫోన్ చేసే టమాటా రైతు. "ఫోన్ చేస్తే చాలదా?" అన్నాను.

"ఫోన్లో ఆయన మొగం అగపడదు."

మేం వెళ్ళేసరికి ఆయన సగం పొలాన్ని ట్రాక్టర్‌తో దున్నేస్తున్నాడు. పచ్చటి మొక్కలు పూతతో సహా మట్టిలో కలుస్తున్నాయి. ట్రాక్టర్ ఆపి దిగాడు. నేల పొడిగా ఉందని నాకు ముందే తెలుసని, రాయలేదని చెప్పాను. "సంతకం నాది" అని సుభద్ర గారు ఇంగ్లీషులో కలిపింది.

"ఏప్రిల్‌లో ఈ మాట చెప్పుంటే ఈ సగం నాటేవాణ్ణి కాదు" అన్నాడాయన. అరవలేదు. మళ్ళీ ట్రాక్టర్ ఎక్కాడు.

తిరుగుదారిలో ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఏడువు. పొద్దున్నే మాత్రం రిపోర్ట్ ఎందుకు తప్పిందో రాసి, కింద మనిద్దరి పేర్లూ పెట్టు" అంది. రాసి పంపాను, ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. డైరెక్టర్ గదిలో ఆమె కర్రమీద ఆనుకుని గంటసేపు నిలబడి నా తరఫున మాట్లాడింది. ఉద్యోగం నిలిచింది, వీసా పని కొన్ని నెలలు వెనక్కి పోయింది. మరుసటి చలికాలం ఫారంలో మట్టికి గడి వచ్చింది.

రిటైరయ్యాక ఆమె కదిరిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నిరుడు పోయింది. నేను వెళ్ళలేకపోయాను.

ఇప్పుడు సంతకం చేసేది నేను. పంపే ముందు, చూసి కూడా రాయనిది ఏమన్నా ఉందా అని వెతుక్కుంటాను. కిందటి నెల ఒక చోట మట్టి గురించి అనుమానం తీరక, రిపోర్ట్ ఒకరోజు ఆలస్యం చేసి మళ్ళీ కొండెక్కాను. డైరెక్టర్ చిరాకు పడ్డాడు. అంకె ఏమీ మారలేదు. ఈ నెల కూడా అలాంటి అనుమానం వస్తే వెళ్తాను.