మూడో గాటు

పొద్దు పొడవగానే ఉన్ని టోపీ పెట్టుకుని, పార భుజాన వేసుకుని తోక్తోసున్ కాలువగట్టు ఎక్కుతాడు. ముప్పై ఏళ్లుగా ఈ బత్కెన్ పల్లెలో పొలాలకు నీళ్లు పంచే నీరటి అతనే. గాట్లు పెట్టిన పార కర్రను కాలువలో దించితే మూడో గాటు దాకా తడవాలి. అప్పుడే చివరి పొలానికీ నీళ్లందుతాయి. కొత్త నీటి చట్టం వచ్చాక తూముకు తాళం పడింది. తాళంచెవి పట్నంలో, నదీ మండలి దగ్గర ఉంటుంది. ఇప్పుడతని పనల్లా ఇనుప కొలబద్ద చూసి ఫోనులో అంకె చెప్పడమే.

నిన్న చివరి పొలం బూరుల్ ఎదురొచ్చింది.

"అన్నా, మొక్కజొన్న మాడిపోతోంది. ఒక్క పూట నీళ్లు వదలవా?"

"మండలి నుంచి కాగితం రావాలమ్మా."

"నీ పొలం నా పక్కదేగా! నీకైనా ఏడుపు రాదా?"

అతను కొలబద్ద వైపు తిరిగాడు. ఫోనులో అంకె చెప్పాడు. అలవాటు కొద్దీ పార కర్రను తూము వెనక నీళ్లలో దించి తీశాడు. మూడో గాటు దాటి తడిసింది. ఆ తడిని చొక్కా చేతితో తుడిచేసి ఇంటిదారి పట్టాడు.