కలమాన్సీకి దొరికిన ఎండ

చైనీస్ కొత్త సంవత్సరం సందడి ముగిసిన వారం, పాయా లేబర్‌లోని మా ఆఫీసు లాబీలో పండగ అలంకరణ తీసేస్తున్నారు. గుమ్మానికి అటూ ఇటూ పెట్టిన రెండు కలమాన్సీ చెట్లు అప్పటికే లిఫ్టు పక్కకి వచ్చేశాయి. కలమాన్సీ అంటే ఉసిరికాయంత పండు. తొక్క నారింజది, పులుపు నిమ్మది. ఈ చిన్న ద్వీపదేశంలో తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో నూడుల్స్ పళ్లెం అంచున ఒక చెక్క పెట్టి ఇస్తారు. ఆ చెట్లు నా నడుమెత్తు ఉన్నాయి. ఆకుల కంటే పండ్లే ఎక్కువ కనిపించేలా కొమ్మలన్నిటినీ సన్నటి తీగలతో పైకి లాగి కట్టి, ఎర్ర రిబ్బన్లు చుట్టారు. వీటిని ఏం చేస్తారని క్లీనర్‌ని అడిగాను. చెత్తబండిలోకే అన్నాడు. ఒకటి నేను తీసుకెళ్తానంటే, రెండూ తీసుకెళ్లమని నవ్వాడు.

ఒక్కటే మోయగలిగాను. బిషాన్‌లో రైలు మారి టోవా పాయోలో దిగేలోపు ముగ్గురు నన్ను పలకరించారు. పదకొండేళ్లుగా ఆ రైల్లో తిరుగుతున్నాను, అంతకుముందు ఎవరూ నాతో మాట కలిపింది లేదు. ఒక పెద్దాయన చెట్టుకి చోటివ్వమని తలుపు దగ్గర నిలబడ్డవాళ్లందరినీ జరిపాడు. ఇంకొకావిడ పండ్లు లెక్కపెట్టబోయి, తను దిగాల్సిన స్టేషన్ వచ్చేసరికి ముప్పై దగ్గర ఆపేసి వెళ్లింది.

మా ఆయనా నేనూ విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్లం. కుండీలో తులసి తప్ప మాకు మరో మొక్క తెలియదు. తొమ్మిదో అంతస్తులో మా ఫ్లాట్ ముందు కారిడార్‌లో, చెప్పుల స్టాండు పక్కన చెట్టుని పెట్టాం. ఎదురుగా ఇంకో బ్లాకు గోడలా నిలబడి ఉంటుంది కాబట్టి మా గుమ్మంలోకి ఎండ రాదు. ఈ వేడి దేశంలో నీడపట్టున ఉండడం చెట్టుకి హాయే కదా అనుకున్నాం. మెరిసే పింగాణీ కుండీ ఒకటి కొని, ప్లాస్టిక్ కుండీని యథాతథంగా అందులో దింపాను. రోజూ ఆఫీసుకి వెళ్లేముందు ఒక చెంబు నీళ్లు పోసేదాన్ని.

నెల గడిచేసరికి పండ్లు ముడుచుకుపోయి రాలడం మొదలైంది. దాహమేమోనని సాయంత్రం ఇంకో చెంబు పోశాను. ఆకులు పసుపెక్కి రాలాయి. ఆకలేమోనని ఎరువు వేశాను. ఎరువు పడ్డాక రెండు కొమ్మలు మూరెడేసి సాగి, అరచేతిలో సగం ఉండే మెత్తటి లేతాకులు వేశాయి. ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు, ఫొటోలు తీసి అమ్మకి పంపాను. వారం తిరక్కుండా ఆ లేతాకుల మీద నత్త పాకినట్టు వెండి గీతలు కనిపించాయి. కాడల మీద గోధుమరంగు పొక్కులు, వాటి చుట్టూ చీమలు, కింది ఆకుల మీద మసి. సబ్బునీళ్లతో తుడిస్తే మసి పోయేది, మళ్లీ పట్టేది. మా ఆయన తలుపు తీసినప్పుడల్లా పేషెంటు ఎలా ఉన్నాడని అడగడం మొదలుపెట్టాడు.

ఇంటర్నెట్‌లో వెతికితే నిమ్మజాతి చెట్ల ఆకులు పసుపెక్కే జబ్బు ఒకటి కనిపించింది. దానికి మందు లేదట, చెట్టుని తీసి పారేయడమేనట. చదివి బెంగపెట్టుకున్నాను. పారేసేముందు ఒక్కసారైనా ఎండ చూపిద్దామని ఒక శనివారం పొద్దున దాన్ని కిందికి దింపి, ఆటస్థలం పక్కన సాయంత్రం దాకా ఉంచాను. తిరిగి తీసుకురాబోయేసరికి మిగిలిన ఆకుల మీద తెల్లగా, కాలిన కాగితంలా మచ్చలు పడ్డాయి. నేను చేసే ప్రతి మంచీ దానికి చెడే అవుతోందని ఆ సాయంత్రం నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ రోజుల్లో నేను ఆదివారాలు మన జిల్లాల నుంచి పనికి వచ్చినవాళ్లకి ఇంగ్లీషు మాట్లాడడం నేర్పేదాన్ని. ఒక కమ్యూనిటీ హాల్లో పదిహేనిరవై మంది కూర్చునేవాళ్లు, ఎక్కువమంది షిప్‌యార్డుల్లోనూ కట్టుబడి పనుల్లోనూ ఉన్నవాళ్లు. మరునాటి పాఠం, ఇక్కడికి రాకముందు ఏం చేసేవారో ఇంగ్లీషులో చెప్పడం. అన్ని వారాలూ వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చునే ఒకాయన ఆ రోజు లేచాడు. నలభై దాటిన మనిషి, నల్గొండ వైపు నుంచి వచ్చి జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయన ప్లాంటులో స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు, కడతాడు. తనకి బత్తాయి తోట ఉండేదని, బోరు ఎండిపోయిన ఏడాది చెట్లు బలహీనపడ్డాయని, తర్వాత కొమ్మలు కొస నుంచి ఎండుతూ వచ్చాయని, తెగుళ్లన్నీ ఆ తర్వాతే వచ్చి పడ్డాయని కూడబలుక్కుని చెప్పాడు. "ఫస్ట్ నో వాటర్. దెన్ ట్రీ వీక్. దెన్ ఆల్ డిసీజ్ కమింగ్," అన్నాడు. వ్యాకరణం సరిచేయాల్సిన నాకు మా కారిడార్‌లోని చెట్టే గుర్తొచ్చింది.

క్లాసు అయ్యాక సంచిలోంచి నాలుగు ఆకులు తీసి ఆయనకిచ్చాను. పొద్దున్నే కోసి తెచ్చుకున్నాను, ఎవరికి చూపించాలో తెలియకుండానే. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి అడుగు చూశాడు, గోరుతో గీకాడు, నలిపి వాసన చూశాడు. అలా నలిపిన ఆకుని కిందపడేయకుండా పిడికిట్లోనే ఉంచుకున్నాడు. మందులేని ఆ జబ్బేనా అని అడిగాను.

"కాదు మేడం," అన్నాడు. "అదైతే నడిమి ఈనెకు ఇటొక తీరు అటొక తీరు మచ్చ పడ్తది. గిది ఆకంత ఒక్క తీరుగ పాలిపోయింది. గజ్జి తెగులు గూడ లేదు. చెట్టు బెదిరినట్టున్నది గంతే. ఆకు జూస్తె ఏం తెలుస్తది, వేరు జూడాలె."

మరుసటి ఆదివారం ఆయన రైల్లో టోవా పాయోకి వచ్చాడు. మా ఆయన కాఫీ కలుపుతానంటే తర్వాత తాగుతానని చెప్పి, ముందు కారిడార్‌లో అటు చివరి నుంచి ఇటు చివరి దాకా నడిచి ఆకాశం చూసుకున్నాడు. తర్వాత చెట్టుని పింగాణీ కుండీలోంచి పైకెత్తాడు. అడుగున బెత్తెడు నీళ్లు నిలిచి ఉన్నాయి, కుళ్లు వాసన గుప్పున వచ్చింది. ఇక్కడ దోమలకి భయపడి ఎక్కడా నీళ్లు నిలవనివ్వరు, బడిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. నాకు సిగ్గేసింది. ఆయన న్యూస్‌పేపర్ పరిచి మట్టిగడ్డని విప్పి, నల్లబడి మెత్తబడ్డ వేళ్లని కత్తిరిస్తూ లోపలికి వెళ్లాడు. నడుమ తెల్లటి గట్టి వేరు కనిపించగానే ముఖం విచ్చుకుంది. ఇది చాలక్కా అన్నాడు. నన్ను అక్కా అనడం అదే మొదటిసారి.

నీడలో చెట్టు తక్కువ నీళ్లు తాగుతుందని, తాగనిదాన్ని నేను ముంచేశానని అప్పుడు అర్థమైంది. ఊపిరాడని వేళ్లు కుళ్లుతుంటే పైన ఆకు పసుపెక్కింది. ఎండలేని చోట ఎరువు పడితే కొమ్మ బలం లేకుండా సాగుతుంది, ఆ మెత్తటి ఆకంటే పురుగులకి మహా ఇష్టం. పొక్కుల్లా అంటుకున్న పురుగు వదిలే తీపి జిగురు కోసం చీమలు, ఆ జిగురు మీద మసి. నాకు పది జబ్బులుగా కనిపించినవి ఒకదాని వెంట ఒకటి వచ్చినవే. పండగకి నిండుగా కాయించి, తీగలతో బిగించిన చెట్టు మా ఇంటికి వచ్చేనాటికే అలిసిపోయి ఉందట. ఆయన చెట్టుని కొత్త మట్టితో ప్లాస్టిక్ కుండీలోనే తిరిగి నాటి, తీగలన్నీ ఒక్కొక్కటిగా విప్పాడు. ఒక తీగ కొమ్మ బెరడులోకి దిగిపోయి ఉంటే, దాన్ని తీయడానికే పావుగంట పట్టింది. చివరికి ఇంకా వేలాడుతున్న ఏడు పండ్లనూ కోసేయమన్నాడు. అవే నాకు మిగిలిన అందం, మనసొప్పలేదు.

"అది బతకాల్నా, కాయల్ని సాకాల్నా?" అన్నాడు మెల్లగా. కోసేశాను.

ఇక కావలసింది ఎండ. అది మా కారిడార్‌లో తూర్పు చివర మాత్రమే పడుతుంది, పొద్దున ఏడింటి నుంచి పదకొండు దాకా. ఆ చివరి ఫ్లాట్‌లో ఒక చైనీస్ ఆంటీ ఒంటరిగా ఉంటుంది. డెబ్బై ఏళ్లు దాటాయి. ఆ ఎండలో ఆమె కుర్చీ ఉంటుంది, చేపముక్కలో నారింజ తొక్కలో ఆరబెట్టే పళ్లెం ఉంటుంది. ఆరేళ్లుగా మేం ఒకరికొకరం తలూపుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. వెళ్లి అడగడానికి నేను జంకుతుంటే, ఆమే మా మట్టీ కత్తెరలూ చూసి చెప్పులీడ్చుకుంటూ వచ్చింది. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఐ సీ ఎవ్రీ డే, హార్ట్ పెయిన్ లా," అంది, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా. "నో సన్, హౌ టు గ్రో?"

రోజూ చూస్తూ బాధపడుతూనే, నా చెట్టు విషయంలో తను కలగజేసుకుంటే నేనేమనుకుంటానోనని ఊరుకుందట. నేను అడిగేలోపే వెనక్కి వెళ్లి కుర్చీ జరిపింది. ఆరబెట్టిన తొక్కల పళ్లెం లోపలికి తీసుకెళ్లింది. ఖాళీ అయిన ఆ చోట, తన గౌను జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి నేల మీద పెట్టింది. హాకర్ సెంటర్లలో భోజనం తెచ్చుకునేలోపు బల్ల చోప్ చేసుకోవడానికి, అంటే మనదని గుర్తు పెట్టుకోవడానికి, అందరూ చేసే పనే అది. చెట్టు కోసం ఎండని చోప్ చేసిన మనిషిని మాత్రం చూడడం అదే మొదలు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి కాఫీ ఒలికేలా నవ్వాడు.

అయితే చెట్టుని వెంటనే అక్కడికి చేర్చవద్దన్నాడు మా బత్తాయి డాక్టరు. నేను చేసిన శనివారం పొరపాటు ఆయనకి అప్పటికే చెప్పాను. నీడకి అలవాటుపడ్డ ఆకు ఒక్కసారిగా ఎండకి తాళలేదట. మొదటి మూడు రోజులు పొద్దున ఒక గంట, తర్వాత మూడు రోజులు రెండు గంటలు, అలా రెండు వారాలు. ఆఫీసుకి వెళ్లే నాకు అది కుదిరే పని కాదు. ఆంటీ చేసింది. తన వంటింటి టైమర్ పెట్టుకుని చెట్టుని చక్రాల పీట మీద ముందుకీ వెనక్కీ తోసేది. నీళ్లు కూడా ఆమె చెప్పినప్పుడే. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దింపి, తడి తగిలితే నా చేతిలోంచి చెంబు లాక్కునేది. నలభై రోజులు చెట్టు చచ్చినట్టూ లేదు, బతికినట్టూ లేదు. ఉన్న ఆకులు కూడా సగం రాలాయి. నేను ఫోన్లో ఫొటోలు పంపుతుంటే ఆయన ప్రతిసారీ ఒకటే జవాబిచ్చేవాడు, దాన్ని కదిలియ్యకుండ్రి అని.

ఒక బుధవారం మీటింగులో ఉండగా ఆంటీ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఎప్పుడూ ఫోన్ చేయదు, ఏమైందోనని బయటికి పరుగెత్తాను. చిగురొచ్చిందని చెప్పడానికి చేసింది. సాయంత్రం వెళ్లి చూస్తే కొమ్మ కొమ్మకీ మిణుకుమనే మొనలు. ఆకులు చిన్నవిగా, దళసరిగా, దగ్గర దగ్గరగా వచ్చాయి. వెండి గీతలు రెండు మూడు ఆకుల మీదే కనిపించాయి. ఆ మాత్రం తట్టుకుంటుంది, మందు కొట్టొద్దన్నాడు ఆయన. కొట్టలేదు. పురుగు పొక్కుల్ని ఆంటీ పాత టూత్‌బ్రష్‌తో తోమేసింది.

ఆరు నెలలకి పూత వచ్చింది. లిఫ్టులోంచి బయటికి అడుగుపెట్టగానే పూల వాసన కొట్టేది. అంతవరకు ముఖాలు తెలియని ఇరుగుపొరుగువాళ్లు ఆ చెట్టు దగ్గర ఆగి మాట్లాడుకోవడం మొదలైంది. మొదటి కాపు పట్టుమని ముప్పై పండ్లు కూడా లేవు. కోసిన ఆదివారం నల్గొండ ఆయన్ని భోజనానికి పిలిచాను. కలమాన్సీ రసంతో పులిహోర చేశాను. ఆంటీ ఉప్పులో ఊరబెట్టిన రేగుపండులాంటి ఎండుపండు వేసి చల్లటి షర్బత్ కలిపింది. కారిడార్‌లోనే బల్ల వేసుకుని తిన్నాం. ఆయన రెండోసారి వడ్డించుకుని, ఊర్లో తోట పోయినంక నిమ్మజాతి చెట్టుని ముట్టడం ఇదే మొదలక్కా అన్నాడు. ఆరేళ్లయిందట. కిందటి నెల ఊళ్లో కొత్తగా బోరు పడిందని, తమ్ముడు మళ్లీ బత్తాయి మొక్కలు పెడదామంటున్నాడని, ఇన్నాళ్లూ వద్దు వద్దంటూ వచ్చిన తను మొన్న సరేనన్నానని చెప్పాడు. ఆంటీకి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె తన గ్లాసు ఎత్తి ఆయన గ్లాసుకి తగిలించింది.

ఇప్పుడు మా అంతస్తులో నాలుగు కుండీలున్నాయి. కొత్త సంవత్సరం అయిపోగానే పక్కింటివాళ్లు తమ చెట్లని పారేయకుండా ఆంటీకి అప్పజెబుతున్నారు. వేళ్లు చూడడానికి ఆయన నెలకో ఆదివారం వస్తాడు. పోయిన వారం ఇద్దరూ ఒక కొమ్మ దగ్గర వాదనకి దిగారు. మొదలంటా కోయాలని ఆయన తెలంగాణ తెలుగులో, కోయొద్దని ఆమె హొక్కియెన్ అనే చైనా భాషలో. అనువాదం చేయబోతే ఇద్దరూ నన్ను చేత్తో ఆపేశారు. చాలాసేపటికి కొమ్మ సగానికి తెగింది. ఆయన చేతులు కడుక్కున్నాడు, ఆమె తువ్వాలు అందించింది. ఇద్దరూ తమ మాటే నెగ్గిందన్న ముఖాలతో టీకి మా ఇంట్లోకి వచ్చారు.