మేస్త్రీ పెట్టిన గుర్తు

నాలుగు చినుకులు పడి వాకిట్లో నాపబండలు తడిశాయంటే చాలు, ఆ బూడిదరంగు రాతిలోంచి సున్నమూ పచ్చిమట్టీ కలిసిన వాసనొకటి లేచి, వికారాబాదులోని ఈ అద్దె ఇంట్లోంచి నన్ను తాండూరు పక్కన మా నాయన బండలు కొట్టిన గని గట్టు మీదికి ఈడ్చుకుపోతుంది. ఇక కూర్చోలేను, నిలబడలేను. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ వాసన లేచిన వేళకే లోపల నా బిడ్డ మౌనిక కంప్యూటర్ మూత ధడాలున మూసింది.

రెండు వారాలుగా అది ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. కంప్యూటర్ సెంటర్లో ఇచ్చిన కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు నల్లటి తెర మీద కొడుతుంది. నువ్వు చెప్పింది నాకు తెలియదంటూ ప్రతిసారీ ఆ తెర ఒకే మాట చూపిస్తుంది.

"రేపు పోయి సారుకు చెప్తనే అమ్మా, నాతోని కాదని. తాండూర్ల బట్టల దుకాణంల కూసుంట."

"ఎవర్నన్న అడిగినవా?"

"అడిగితె నవ్వుతరు."

ఏడేళ్ల వయసులో నేనూ అదే అనుకున్నాను.

చలికాలం మా గుడిసె చుట్టూ కందిచేలు కాయ పట్టేవి, పచ్చికాయలు కుండలో ఉప్పేసి ఉడకబెడితే ఆ ఆవిరికే నోరూరేది, పీర్ల పండుగకు పక్కింటి వాళ్లు పంచే మలీద ముద్ద చేతిలో బెల్లంపాకంలా అంటుకుంటే రోజంతా వేళ్లు నాకుతూ తిరిగేవాళ్లం, బండ ముక్కలే తొక్కుడుబిళ్లలు, బండ ముక్కలే మా బొమ్మరింటి గోడలు. పొద్దెక్కగానే జొన్నరొట్టె, వెల్లుల్లి కారం మూటగట్టుకొని నేను గనికి పోయేదాన్ని. రాయిని చీల్చే చోట మేస్త్రీ జాజు ముద్దతో ఎర్రగా ఒక గీత పెట్టేవాడు, అంచులు చెక్కే చోట ఇంకో మేస్త్రీ బొగ్గుతో పెట్టేవాడు. గీత పడేదాకా మా నాయన సుత్తి ఎత్తేవాడు కాదు. బీడీ వెలిగించుకొని, కళ్లు మాత్రం మేస్త్రీ చేతి మీదే పెట్టి కూర్చునేవాడు.

ఆ ఏడే నన్ను బడిలో వేశారు. సారు నా పలక మీద ప్రతి వరుసకూ ఎడమ పక్కన ఎర్ర సుద్దతో చిన్న కత్తెర గుర్తు పెట్టి, నల్లబల్ల మీది అక్షరాలు చూసి రాయమన్నాడు. నల్లబల్ల మీద కూడా ప్రతి వరుస ముందూ అదే కత్తెర. నేను ముందు ఇంకో కత్తెర వేసి, తర్వాత అక్షరం దిద్దాను. సారు అరచేత్తో తుడిచేశాడు. మళ్లీ అలాగే రాశాను. వెక్కిరిస్తున్నాననుకున్నాడో ఏమో, వేళ్ల కణుపుల మీద కొట్టాడు. మూడోనాడు అందరి ముందూ, "బండలు కొట్టెటోళ్ల పిల్లవు, నీకు బండలే దిక్కు" అన్నాడు. పిల్లలు నవ్వారు. తప్పేమిటని అడగలేక, పలక చంకలో పెట్టుకొని గనికి ఉరికాను.

నాయన పలక చూశాడు, నన్ను చూశాడు, పక్కనున్న బండ మీది జాజు గీత చూపించాడు.

"మేస్త్రి గీత పెట్టిండంటే, నా పని అయింది, ఇగ నువ్వు కొట్టు అన్నట్టు. నేనేమన్న గా గీతను మళ్ల గీస్తున్ననా? దాని పక్కపొంటి ఉలి పెడ్తున్న. మీ సారు పెట్టింది గూడ గదే పిల్లా."

అర్థమైంది. కానీ మర్నాడు బడి గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగొచ్చాను. ఒక వారం పోయింది, ఒక ఏడు పోయింది. సంతకం వరకు తర్వాత నా పెనిమిటి నేర్పించాడు. ఆయన పోయి ఆరేళ్లయింది.

అందుకే నేను మూత మళ్లీ తెరిచి, "కొట్టు, నేను జూస్త" అన్నాను. నాకు ఇంగ్లీషు రాదు, ఆకారాలే కనబడతాయి. మౌనిక ఇంకా వేలు పెట్టకముందే వరుస మొదట్లో, పాము చుట్టుకున్న కర్రలాంటి గుర్తొకటి నిలబడి ఉంది. బిడ్డ కాగితం చూసి మళ్లీ అదే గుర్తు కొట్టింది.

"ఆగవే. గది మొదాలే ఉన్నది గదా?"

"డాలర్ గుర్తమ్మా. కాగితంల ఉన్నది."

"తెర మీద గా మొదటిది ఎవరు పెట్టిండ్రు? నువ్వా, అదా?"

దాని చెయ్యి ఆగిపోయింది. తను కొట్టిన గుర్తు చెరిపింది, మిగతాది కొట్టింది. పని జరిగింది! అంతలోనే కింద గుర్తు మారి, ఒకదాని వెనక ఒకటి మూడు పిట్టముక్కులు నిలబడ్డాయి. మౌనిక మొహం మళ్లీ మాడింది, కాగితం తిరగేసింది.

"ఇప్పుడు పైథాన్ అనే కంప్యూటర్ భాష లోపలికి పోయినమమ్మా. ఇగ అడిగేది అదన్నట్టు."

"అయితె మేస్త్రి మారిండు, గీత మారింది. గంతే గదనే, పరేషానెందుకు?"

అది కాగితం పక్కన పెట్టి నవ్వింది. బట్టల దుకాణం ఊసు మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆ గనిలో వాననీళ్లు నిలిచాయి, మిగిలిన గనుల్లో రంపపు చక్రాలు కోస్తున్నాయి. జాజు ముద్ద పట్టే మేస్త్రీ లేడు, ఆ చేతి వైపు చూస్తూ కూర్చునే నాయనా లేడు.

"నీ పేరు కొట్టు" అని మౌనిక కంప్యూటర్ నా వైపు తిప్పింది. అది చూపించిన మీటలు ఒక్కొక్కటీ వెతికి నొక్కాను, ఎల్లమ్మ అని. మూడు ముక్కుల జోలికి పోలేదు. గబగబా ఏవో వరుసలు వచ్చాయి.

"నీ పేరు దానికి తెల్వదంటున్నదే అమ్మా!"

తెలియకపోతే పోనీ. ఆ కంప్యూటర్ మా సారులా తుడవలేదు, కొట్టలేదు. కింద మళ్లీ కొత్తగా గుర్తు పెట్టి, నా వైపు చూస్తూ కూర్చుంది.